పొగ చూసి చెప్పిన మాట

నాకు కోపం ఎక్కువ. ప్రొద్దుటూరులో లారీ ఇంజన్లు విప్పే నా షెడ్డుకు వచ్చే డ్రైవర్లందరికీ ఆ సంగతి తెలుసు. మురికి ఇంజను తెచ్చి ముందర నిలబెట్టి, "మామా, ఆయిలు యాడో కారతాంది, చూడు" అనేవాణ్ణి చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. యాడో ఏంది? ఇంజను మీద అంగుళం మందాన మడ్డి పేరుకొని ఉంటే ఆ 'యాడో' ఎక్కడని చెప్పేది? పైన మూత దగ్గర ఊరిన నూనె గాలికి వెనక్కి పారి, అడుగున బొట్టు కట్టి, వెనక సీలు పోయినట్టు కనిపిస్తుంది. ఆ బొట్టును నమ్మితే గేర్‌బాక్సంతా దించి, ఏమీ లేదని చూసుకొని, మళ్ళీ ఎక్కించుకోవాలి. అందుకని నా దగ్గర ఒకటే మాట. "కడుక్కొని రా పో. కడగని ఇంజను నేను ముట్టను."

కడిగి తెచ్చిన ఇంజనును గుడ్డతో తుడిచి, ముగ్గుపిండి చల్లుతాను. నవ్వకండి, ఇంటి ముందర వేసే ముగ్గుపిండే. స్టార్టు చేసి కాసేపు వదిలితే నూనె ఊరే చోట తెల్లపిండి నల్లబడుతుంది. అంతకంటే మంచి యంత్రం నాకు తెలియదు. పొగదీ అదే తీరు. నల్లపొగ వస్తే గాలి చాలక డీజిలు వృథా అవుతున్నట్టు. తెల్లపొగ విడవకుండా వస్తే లోపలికి నీళ్ళు దిగుతున్నట్టు. నీలిపొగ వస్తే డీజిలుతో పాటు ఆయిలు కూడా మండుతున్నట్టు. జీవితమంతా ఇదే చెబుతూ వచ్చాను. చెప్పీ చెప్పీ విసుగొచ్చింది. మోకాళ్ళు అరిగాయి, షుగరు వచ్చింది, పానా పట్టుకుంటే వేళ్ళు తిమ్మిరెక్కుతాయి. అయినా జనం వచ్చి డాక్టరు ముఖం చూసినట్టు నా ముఖం చూస్తూనే ఉంటారు.

అలా చూసినవాళ్ళలో ఒకతను మా వెనక వీధిలోనే ఉండేవాడు. కువైట్‌లో పన్నెండేళ్ళు డ్రైవరుగా చేసి తిరిగొచ్చాడు. వాళ్ళు సాయిబులు, మేము కాదు. మా వైపు వరసలకు అదేం అడ్డం రాదు. అతను నన్ను "మామా" అనేవాడు, కాబట్టి అతని భార్య "నాయనా" అనేది. వచ్చిన కొత్తలోనే జమ్మలమడుగులో నాపరాళ్ళు తోలే పాత లారీ ఒకటి కొన్నాడు. కొనేటప్పుడు నన్ను తోడు పిలవలేదు. పిలవనందుకు నాకు లోపల మంట ఉండింది, దాచుకోవడం ఎందుకు? రాళ్ళు తోలడం తన వల్ల కాదని, పులివెందుల, లింగాల వైపు నుంచి మేము చీనీకాయలనే బత్తాయిలు, అరటిగెలలు తోలుకుంటూ వచ్చాడు. మూడు నెలలు బండి బాగానే తిరిగింది. ఆ తర్వాత ఆయిలు తాగడం మొదలుపెట్టింది. ట్రిప్పుకొక డబ్బా పోయాల్సి వచ్చేది. బండి నిలబెట్టిన చోటల్లా నేల నల్లగా అయ్యేది. వెనక వచ్చే మోటరుసైకిళ్ళవాళ్ళు ముక్కు మూసుకొని తిడుతూ దాటిపోయేవాళ్ళు.

మంచి ఎండాకాలంలో ఒక మధ్యాహ్నం బండి నా దగ్గరికి తెచ్చాడు. ఇంజను తళతళలాడుతోంది.

"నువ్వు తిడతావని రెండు తూర్లు కడిగించినా మామా. పైపు పెట్టి జోరుగా కొట్టించినా. ఒక్క మడ్డి ల్యాకుండా పాయ," అన్నాడు.

"పర్వాలేదే, అల్లునికి బుద్ధొచ్చింది," అన్నాను.

అతను నవ్వలేదు. పాత టైరు మీద కూర్చొని చెప్పుకొచ్చాడు. "మా బామ్మర్ది కువైట్ నుంచి వీసా చూసినాడు. పది దినాల్లో ఏదో ఒకటి చెప్పాల. నాకు పోవాలని లేదు మామా. పన్నెండేండ్లు ఒక్కన్నే వండుకొని ఒక్కన్నే తిన్నా. ఇంగ నా చేత కాదు. బండి నిలబడితే నేనూ ఈన్నే నిలబడతా. ల్యాకుంటే పోతా. నువ్వేం చెప్తే అది."

నువ్వేం చెప్తే అది. ఈ మాట విన్నప్పుడు మనిషికి భయం పుట్టాలి. నాకు మాత్రం గర్వం పుట్టింది. చూశావా, కొనేటప్పుడు పిలవలేదు గానీ ఇప్పుడు వచ్చాడు అనుకున్నాను.

ఆ రోజు నా పరిస్థితి కూడా చెప్పాలి. ముందురోజు నుంచి కరెంటు సరిగా లేదు. షెడ్డు రేకులు ఎండకు సెగలు కక్కుతున్నాయి. అప్పటికే రెండు ఇంజన్లు విప్పి పరిచి ఉన్నాయి. మోకాళ్ళు ఎంత నొప్పి అంటే, కింద కూర్చుంటే ఎవరో ఒకరు చెయ్యి పట్టి లేపాలి. ఇవన్నీ సాకులని నాకు తెలుసు. సాకులైనా నిజాలే.

ముగ్గుపిండి చల్లి స్టార్టు చేయించాను. ఐదు నిమిషాలు కూడా పట్టలేదు. పైన టాపెట్ కవరు చుట్టూ నల్లబడింది, ముందర సీలు దగ్గర నల్లబడింది, వెనకా అంతే, అడుగున నూనె నిలిచే తొట్టి చుట్టూ అంతే. ఒక చోట కారితే అక్కడి ప్యాకింగు పోయిందని అర్థం. అన్ని చోట్లా ఒకేసారి కారితే ప్యాకింగుల తప్పు కాదు. ఇంజను లోపల గాలి ఒత్తిడి ఎక్కువై, దొరికిన సందులోంచల్లా నూనెను బయటికి నెడుతోందన్నమాట. అంతవరకు నేను సరిగానే పట్టుకున్నాను.

ఆ ఒత్తిడికి కారణాలు రెండే. ఒకటి, పిస్టను రింగులు అరిగిపోయి మంట కిందికి దిగడం. అదైతే ఇంజను మొత్తం విప్పాలి, సిలిండర్లను లోపల చెక్కించి బోరు కొట్టించాలి, కొత్త సామాను వేయాలి. ముసలి బండికి ఆ ఖర్చు పెట్టేవాడు తెలివైనవాడు కాడు. రెండోది చాలా చిన్నది. ఇంజను లోపలి ఆవిరి బయటికి పోవడానికి పక్కన ఒక పైపు ఉంటుంది, బ్రీదర్ పైపు అంటాం. వంపు తిరిగి కిందికి వేలాడుతుంది. అది మూసుకుపోతే ఇంజనుకు ఊపిరాడదు.

జమ్మలమడుగు రాళ్ళ లారీలకు ఈ పైపుతోనే ఒక అలవాటు ఉంది. ఆ పైపు కొస నుంచి అప్పుడప్పుడూ ఒక నూనె చుక్క రాలుతుంది. పాలిషు పట్టే ఫ్యాక్టరీల ఆవరణలో బండలు నేల మీద పరిచి ఉంటాయి. నాపరాయి నూనె చుక్కను తాగిందంటే ఆ మరక మళ్ళీ పోదు, ఆ బండను ఎవరూ కొనరు. అందుకని పైపు కొసకు గుడ్డ కట్టందే బండిని లోపలికి రానివ్వరు. పలచటి గుడ్డ కట్టి, వారానికొకసారి మారిస్తే నష్టమేమీ లేదు. మార్చకపోతే రాతిపొడి నూనెలో నాని సిమెంటులా గట్టిపడుతుంది. ఇది మా వైపు మెకానిక్కులకు తెలిసిన రోగమే. నాకూ తెలుసు. తెలిసే, నిలబడిన చోటి నుంచే వంగి చూశాను. పైపు కొస శుభ్రంగా ఉంది, గుడ్డ లేదు. సరే, అది కాదు అనుకున్నాను. బండి కిందికి దూరి, పైపు కొస దగ్గర చెయ్యి పెట్టి చూడలేదు. మోకాళ్ళు వద్దన్నాయి, నేను సరేనన్నాను.

పైకెక్కి, నడుస్తున్న ఇంజను మీద ఆయిలు పోసే మూత తిప్పాను. తిప్పీ తిప్పకముందే బుస్సుమని కాలిన ఆవిరి, నూనె తుంపర్లు నా ముఖానికి కొట్టాయి. కళ్ళద్దాల మీద నూనె, మీసాల మీద నూనె. చర్రుమని మండింది. మూత విసిరేశాను.

"నీ పాసుగాల! బండా ఇది? నీకెవుడు అంటగట్టినాడ్రా దీన్ని? రింగులు ల్యావు, బోరు ల్యా, ఏమీ ల్యా! బతికుండేది హారను ఒకటే!" అని అరిచాను.

అతను ఇంజను ఆపి దిగివచ్చాడు. సైలెన్సరు దగ్గర ఇంకా నీలిపొగ తేలుతూ ఉంది. "నిజ్జంగానే పోయిందా మామా?" అన్నాడు మెల్లగా.

"పోయింది. దీనికి ఖర్చు పెట్టడం బూడిదలో పోసిన పన్నీరు. ఎంతొస్తే అంతకు అమ్మి పడెయ్."

అంతటితో ఊరుకున్నా బాగుండేది. నాకు కోపం చల్లారలేదు. మర్నాడు అతన్ని వెంటబెట్టుకొని, అదే బండిలో, దారి పొడవునా పొగ వదులుకుంటూ జమ్మలమడుగు పోయాను, అమ్మినవాణ్ణి నిలదీయడానికి. అమ్మినవాడు తన బండల ఫ్యాక్టరీ ముందర మంచం వేసుకొని మజ్జిగ తాగుతున్నాడు.

"చచ్చిన బండి అమ్మడానికి నీకు మనసెట్ల వచ్చిందప్పా?" అని మొదలుపెట్టాను.

"ఏంది చచ్చిన బండి? నోరు మంచిగా పెట్టుకో. నాకాడ ఉన్నన్నాళ్ళు ఒక్క చుక్క కింద పడలే. నా బండల మీద చుక్క పడనిస్తానా నేను? పైపులో గుడ్డ కుక్కి, పైన ఇంగో గుడ్డ కట్టి..."

"గుడ్డ కడితే రింగులు బాగుపడతాయా? ఎవునికి చెప్తాండావు కతలు!"

"నా మాట ఇను..."

"నీ మాట ఇనేదేంది? ఈ మనిషి పన్నెండేండ్లు ఎడారిలో ఉండి తెచ్చిన దుడ్లు నీ చేతిలో పోసినాడు, తెలుసునా నీకు?"

అతను చెప్పబోయింది నేను చెప్పనివ్వలేదు. చుట్టూ కూలీలు గుమిగూడారు. నేను ఇంకా గట్టిగా అరిచాను. నా అల్లుడు నా భుజం పట్టుకొని, "పోదాం రా మామా, పోతే పాయ," అని వెనక్కి లాక్కొచ్చాడు. తిరుగుదారిలో, అతని పక్షాన నిలబడి పోట్లాడానన్న తృప్తి కూడా ఉండింది నాకు, సిగ్గు లేకుండా.

రెండు రోజుల తర్వాత అతని భార్య షెడ్డుకు వచ్చింది. ఆమె ఎప్పుడూ షెడ్డు లోపలికి వచ్చింది లేదు. వాకిలి దగ్గరే నిలబడి, కొంగు నోటికి అడ్డం పెట్టుకొని అడిగింది. "నాయనా, ఆ బండి ఎట్లా బాగు కాదా? ఎట్లన్నా నడుస్తాదని నువ్వు ఒక్క మాట చెప్తే ఆయన పోడు. నేను పోనియ్యను. చిన్నదానికి వాళ్ళ నాయన ఇప్పుడిప్పుడే మాలిమి అయినాడు."

నేను చేతులు తుడుచుకుంటూ చెప్పాను. "బాగు కాదమ్మా. నా కండ్లతో చూసినా. నీకు అబద్ధం ఎందుకు చెప్తా?"

ఆమె షెడ్డు ముందర నిలిపిన బండి వైపు చూసింది. "నువ్వు చెప్పినాంక ఇంగేముంది నాయనా," అని వెళ్ళిపోయింది. ఎనిమిదో రోజున అతను బామ్మర్దికి సరేనని చెప్పాడు. అమ్మబోతే అడవి, కొనబోతే కొరివి అన్నట్టు, బండికి వచ్చింది ఏమంత లేదు. లింగాల వైపు రైతు ఎవరో కొన్నాడని విన్నాను. నెల తిరక్కుండానే నా అల్లుడు విమానం ఎక్కాడు. పోయే ముందు నా కాళ్ళకు మొక్కి పోయాడు.

ఐదారు నెలలకు పులివెందులలో ఒక ట్యాంకరు చూసిరమ్మని కబురొస్తే పోయాను. పని ముగించుకొని చీనీకాయల మార్కెట్టు పక్కన టీ తాగుతుంటే ఆ లారీ వచ్చి నిలబడింది. క్యాబిను మీద పచ్చరంగు, ఎడమవైపు సొట్ట. ఒక్క చూపుకే గుర్తుపట్టాను. కాయలు నిండుగా ఎత్తి ఉన్నాయి. ఇంజను నడుస్తూనే ఉంది. సైలెన్సరు వైపు చూశాను. పొగ లేదు. కింద చూశాను. నేల పొడిగా ఉంది. టీ గ్లాసు బల్ల మీద పెట్టేశాను.

డ్రైవింగు సీట్లోంచి దిగినవాడు నా వయసు రైతు. "ఏమప్పా, బోరు ఎవరికాడ కొట్టించినావు? బాగా చేసినాడే," అన్నాను.

"బోరా? బోర్లు నా తోటలో నాలుగు కొట్టించినా, నాలుగూ ఎండిపాయ," అని పెద్దగా నవ్వాడు. "ఇంజనుకు ఏమీ కొట్టించలేదప్పా. నాకేం తెలుసు ఇంజన్ల గురించి? ఆ పక్కన ఒక పైపు ఏలాడతాది కదా, దాంట్లోంచి గాలి రాల్యా. మా చెట్లకు నీళ్ళు చుక్కలు చుక్కలుగా ఇడిచే సన్న పైపులు ఉప్పు పట్టి మూసుకుపోతే ఏం చేస్తాం? కడ్డీ పెట్టి పొడుస్తాం. ఇదీ పొడిసినా. లోపల్నుంచి జానెడు గుడ్డ వచ్చింది, రాయి మాదిరి. అంతే, ఆ పొద్దు నుంచి ఒక్క చుక్క కారితే ఒట్టు. రెండు సీళ్ళు మాత్రం మార్పించినా."

గోటితో పోయేదానికి గొడ్డలి అంటారు. నేను ఆ గొడ్డలి కూడా ఎత్తలేదు, చెట్టే చచ్చిందని చెప్పి పంపించాను. నేను కడగమన్నందుకు పైన కట్టిన గుడ్డ నీళ్ళ జోరుకు ఊడి కొట్టుకుపోయింది. లోపల కుక్కిన గుడ్డ లోపలే ఉండిపోయింది. అమ్మినవాడు ఆ మాటే చెబుతుంటే నేను నోరు మూయించాను. నాకు పని నేర్పిన ఉస్తాదు మూత తీసినప్పుడు వచ్చే మొదటి గాలిని నమ్మొద్దనేవాడు. మూత పక్కన పెట్టి, బీడీ కాల్చేంత సేపు ఆగి, అప్పుడు చూడమనేవాడు. పైపు మూసుకున్నదైతే కాసేపటికి జోరు తగ్గుతుంది, రింగులు పోయినదైతే తగ్గదు. ఎందరికో ఆ మాట నేనే చెప్పాను. ఆ రోజు మాత్రం ముఖాన నూనె పడిందని కోపం తెచ్చుకున్నాను.

మార్కెట్టు జనం చూస్తుండగానే ఆ బండి కిందికి దూరాను. మోకాళ్ళు అరిచినా దూరాను. పైపు కొస దగ్గర అరచెయ్యి పెట్టాను. వెచ్చగా, మెత్తగా, ఒకే తీరుగా గాలి తగిలింది. రింగులు అరిగిన ఇంజను అలా వదలదు. ఇంకా పదేళ్ళు తిరిగే బండి అది. అక్కడే పడుకొని ఏడుపు ఆపుకోలేకపోయాను. రైతు కంగారుపడి, "ఏమైందప్పా, నడుం పట్టుకునిందా?" అని చెయ్యి అందించి లేపాడు.

వారం రోజులు అన్నం సయించలేదు. చెప్పకుండా ఉంటే ఎవరికీ తెలియదు, ఆ ఆలోచన కూడా వచ్చింది. చివరికి శుక్రవారం అతనికి సెలవని తెలిసి ఫోను చేశాను. ఏమీ దాచకుండా చెప్పాను, జమ్మలమడుగు పోట్లాటతో సహా.

"పొగ రాల్యానా మామా? రవ్వంత కూడా?" అన్నాడు.

"రాలేదు."

"చీనీకాయలే ఎత్తినాడా?"

"నిండుగా ఎత్తినాడు."

"మంచి బండి మామా అది. నాకు అనిపిస్తానే ఉన్నింది."

"నన్ను తిట్టురా," అన్నాను. "నా బతుకంతా నేను అందర్నీ తిట్టినా. ఈ ఒక్కసారికి నువ్వు నన్ను తిట్టు."

"తిట్టి ఏం చేసేది మామా? రెండేండ్లకు రాసిచ్చినా. ముందే రావడానికి కాదు. ఒక్కటి మాత్రం చెయ్. ఇంట్లో చెప్పొద్దు. బండి చచ్చిపోయిందని నమ్మే ఆమె నన్ను పంపింది. ఊరికే పోయినాడని తెలిస్తే తట్టుకోలేదు. నీకు చేతులెత్తి మొక్కుతా, చెప్పొద్దు."

చెప్పనని మాట ఇచ్చాను.

మొన్న కూరగాయల అంగడిలో ఆమె ఎదురైంది. చంకలో చిన్నది ఉంది. నన్ను చూసి ఆగి, ఆరోగ్యం అడిగింది, మోకాళ్ళకు ఏదో తైలం పేరు చెప్పింది. ఆయన ఫోను చేస్తూనే ఉన్నాడని, బాగా చిక్కిపోయాడని చెప్పింది. పోబోతూ మళ్ళీ వెనక్కి తిరిగింది.

"మాకైతే నువ్వుంటివి కాబట్టి సరిపాయ నాయనా. ఆ బండిని కొనుక్కున్నోళ్ళు ఎవురో, ఎన్ని తిప్పలు పడతాండారో, పాపం. వాళ్ళకు చెప్పేవాళ్ళు ఎవురున్నారు?"

"ఎవరూ లేరు లేమ్మా," అన్నాను.